క్వెస్ట్ 3ఎస్: అమెరికాలో ఉన్నవాళ్ళ పక్కన కూర్చోవడానికి పనికొస్తుందా?

క్వెస్ట్ 3ఎస్ అంటే మెటా సంస్థ చేసిన హెడ్‌సెట్, కళ్ళకి పెట్టుకుంటే ఇంకో చోట ఉన్నట్టు చూపించే యంత్రం. దాని సంగతి ముందే తేల్చేస్తాం. ఎదుటివాళ్ళ ముఖం చూడాలనుకుంటే వాట్సాప్ వీడియో కాలే మేలు, కొత్తగా ఖర్చు కూడా లేదు. వాళ్ళ పక్కన కాసేపు కూర్చోవాలనుకుంటే మాత్రం ఈ యంత్రం చేసే పని ఫోను చేయలేదు. ఈ రెండూ వేరు వేరు కోరికలని తెలియక తెచ్చుకున్నవాళ్ళే నాలుగు వారాలు తిరక్కుండా దాన్ని బీరువా మీదకి ఎక్కించేస్తున్నారు.

కోనసీమలోనూ, ఇటు భీమవరం, పాలకొల్లు, నరసాపురం వైపూ ఈ హెడ్‌సెట్లు దుకాణంలో కొన్నవి తక్కువ, సంక్రాంతికి వచ్చిన అబ్బాయి సూట్‌కేసులో దిగినవి ఎక్కువ. మొదటి రోజు రోలర్ కోస్టర్ పెడతారు. బాబాయి సోఫాలో వెనక్కి పడతాడు, పిల్లలు పగలబడి నవ్వుతారు, ఎవరో వీడియో తీసి గ్రూపులో పెడతారు. పండగ అయ్యాక అబ్బాయి వెళ్ళిపోతాడు, యంత్రం ఇక్కడే ఉండిపోతుంది. దాని అసలు పని అప్పుడు మొదలవ్వాలి. కాబట్టి ఈ సమీక్ష ఆటల గురించి కాదు. ఇక్కడొకటి, డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇంకొకటి పెట్టుకుని ఇద్దరు మనుషులు కలుసుకుంటే ఏమవుతుంది, ఏది అమరితే మనసుకి హాయిగా ఉంటుంది, ఏది చెడగొడుతుంది అన్నదే.

క్వెస్ట్ 3ఎస్ 2024 అక్టోబరులో వచ్చింది. బరువు 514 గ్రాములు. ఒక్కో కంటికి 1832 × 1920 చుక్కల తెర. విడుదలనాటి ధర 128 జీబీ రకానికి 299.99 డాలర్లు. అంతకు ఏడాది ముందొచ్చిన క్వెస్ట్ 3లో తెర ఇంకా మెరుగు (2064 × 2208), అద్దాలు కూడా పల్చన. కబుర్లు చెప్పుకోవడానికి ఆ తేడా పెద్ద లెక్కలోది కాదు. తేడా తెలిసేది కళ్ళ మధ్య దూరం దగ్గర. క్వెస్ట్ 3లో చక్రం తిప్పి కావలసిన చోట ఆపుకోవచ్చు. 3ఎస్‌లో అద్దాలని చేత్తో జరిపితే మూడు చోట్లే ఆగుతాయి: 58, 63, 68 మిల్లీమీటర్లు. అబ్బాయి తన కళ్ళకి 68లో పెట్టుకుని వెళ్ళిపోతాడు, అమ్మగారి కళ్ళకి 58 సరిపోతుంది. ఆవిడకి అంతా మసకే, కాసేపటికి కణతలు లాగుతాయి, "నాకీ వయసులో ఇవన్నీ పడవులేరా" అని పక్కన పెట్టేస్తారు. వయసుది కాదు తప్పు, అద్దాలది. స్కేలు నుదుటి దగ్గర పెట్టి రెండు కంటిపాపల మధ్య దూరం కొలవండి, దగ్గరగా ఉన్న మెట్టుకి జరపండి, ఒక చిన్న అక్షరాల పేజీ చూపించి చదవమనండి. చదువుకునే కళ్ళజోడు తీసేయవచ్చు. దూరపు చూపు కళ్ళజోడు ఉన్నవాళ్ళు మాత్రం దాంతోనే పెట్టుకోవాలి. అద్దానికి అద్దం రాసుకుని గీతలు పడకుండా మధ్యలో స్పేసర్ ముక్క వేయాలి.

పెట్టుకునే తీరు కూడా మన ఇళ్ళకి తగ్గట్టు నేర్పాల్సిందే. వెనక పట్టీ రెండుగా చీలి ఉంటుంది, ముడి ఆ సందులోంచి బయటికి రావాలి. జడైతే పట్టీ కిందుగా వదిలేయండి. పూలు తీసేయాలి. స్టిక్కర్ బొట్టు తీసి గోడ అద్దానికి అంటించేయండి, లేకపోతే అది ముఖానికి ఆనే మెత్త లోపల అతుక్కుని తర్వాత పెట్టుకున్నవాళ్ళ నుదుటి మీద తేలుతుంది. కుంకుమైతే మరక పోదు. ఆ మెత్త కొబ్బరినూనెనీ చెమటనీ పీల్చేసుకుంటుంది. పైన సిలికాన్ తొడుగు వేసుకుంటే తుడుచుకోవడం తేలిక. బరువంతా బుగ్గల మీద మోపకూడదు. వెనక పట్టీ తల వెనక ఎముక కిందకి దిగాలి, నడినెత్తి మీది పట్టీ బిగించి బరువు దాని మీద వేలాడాలి. బుగ్గల మీద గీతలు పడ్డాయంటే పట్టీ తప్పుగా ఉన్నట్టే.

ఇక కలుసుకునే చోటు. రెండు వైపులా క్వెస్ట్ ఉంటే ఎక్కువమంది వాడే యాప్ వీఆర్‌చాట్. ఉచితం, 13 ఏళ్ళు నిండాలి. అందులో ఎదుటివాళ్ళకి కనబడేది మనం కాదు, మనకి బదులుగా మనం వేసుకున్న బొమ్మ (అవతార్). అందులో "లోకాలు" ఉంటాయి: నది ఒడ్డు, డాబా, చలిమంట పక్కన బల్ల, సినిమా హాలు. ఏ లోకంలోకి వెళ్ళినా తలుపు ఎవరికి తెరిచి ఉండాలో ముందు అడుగుతుంది. అక్కడ "పబ్లిక్" అని నొక్కారంటే బస్టాండులో మంచం వేసుకున్నట్టే. "ఇన్వైట్" అని నొక్కితే మీరు పిలిచినవాళ్ళు తప్ప ఇంకెవరూ రారు. పెద్దవాళ్ళకి ఇదొక్కటే నేర్పండి, మిగతావి నేర్పకండి. ఫోన్లలో, క్వెస్ట్‌లలో తెరుచుకునే లోకాలు 100 ఎంబీ దాకా ఉండొచ్చు కాబట్టి ముందు రోజే ఒకసారి తెరిచి దింపుకుంటే, కలిసే వేళకి ఇటు అమ్మగారు నల్లటి తెరని చూస్తూ కూర్చోనక్కర్లేదు.

సెట్టింగుల్లో మార్చాల్సినవి నాలుగు. కూర్చుని వాడే పద్ధతి ఆన్ చేయాలి. నడక "హోలోపోర్ట్"కి మార్చాలి, అంటే జారుకుంటూ వెళ్ళకుండా చూపించిన చోటికి ఒక్కసారిగా మారడం. తిరగడం "కంఫర్ట్ టర్నింగ్"లో ఉండాలి, అంటే చేతిలోని కంట్రోలర్ మీది పుల్లని పక్కకి నెడితే చూపు నెమ్మదిగా తిరక్కుండా ఒక్కసారి పక్కకి మారుతుంది. "పర్సనల్ స్పేస్" ఆన్‌లో ఉండాలి, పరాయివాళ్ళ బొమ్మ మరీ మీదకి వస్తే దాన్ని మాయం చేసేది అదే. మధ్యలోవి రెండూ కడుపులో తిప్పడం ఆపడానికి. కళ్ళు కదులుతున్నామంటాయి, చెవి లోపలి తూకపు అవయవం కదలడం లేదంటుంది. ఆ రెండిటి తగాదాలో వికారం పుడుతుంది. పుల్ల నొక్కి జారుకుంటూ నడిచే పద్ధతిలో ఆ తగాదా ఎక్కువ. మెడ దగ్గర వెచ్చటి చెమట, నోట్లో నీళ్ళూరడం మొదలైన క్షణమే తీసేయాలి. "అలవాటవుతుందిలే" అని పట్టుబట్టి కూర్చుంటే ఆ రోజంతా పోతుంది, మళ్ళీ హెడ్‌సెట్ చూస్తేనే కడుపులో తిప్పుతుంది. తీసిన వెంటనే స్కూటరు కూడా ఎక్కకండి.

నేల ఎత్తు గురించి ఎవరూ చెప్పరు, చెడగొట్టేది మాత్రం అదే. హెడ్‌సెట్ నేలని తప్పుగా పట్టుకుంటే మీరు మోకాళ్ళ లోతు భూమిలో ఉన్నట్టో, అటకమీంచి చూస్తున్నట్టో ఉంటుంది. అబ్బాయి ఆరడుగుల బొమ్మ వేసుకుని నిలబడి, నాన్నగారు పొట్టిగా కింద కనిపిస్తే, ఆయన తల ఎత్తి మాట్లాడాలి. నోటితో చెప్పరు గానీ ఆ కలయిక ఆయనకి నచ్చదు. పెద్దాయన ముందు కుర్రాడు కుర్చీలో కూర్చోవడానికే ఆలోచించే ఇళ్ళివి, నెత్తిమీద నిలబడితే ఎలా ఉంటుంది? కంట్రోలర్‌ని నేలకి ఆనించి ఎత్తు సరిచేయండి, మెటా బొత్తం కాసేపు నొక్కి పట్టి ఎదురుగా చూపు కుదర్చండి, రెండు వైపులా ఇద్దరూ నిజంగానే కుర్చీల్లో కూర్చోండి. చక్రాల కుర్చీ వద్దు.

దూరం కూడా అంతే ముఖ్యం. మనిషికీ మనిషికీ మధ్య ఉండాల్సిన ఎడం గురించి మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1966లోనే లెక్కలు కట్టాడు: అడుగున్నర లోపల మరీ సొంతవాళ్ళు, నాలుగడుగుల దాకా స్నేహితులు, బంధువులు. ఎదుట ఉన్నది బొమ్మే అని తెలిసినా మన ఒళ్ళు ఆ లెక్కనే పాటిస్తుందని పరిశోధకుడు జెరెమీ బెయిలెన్సన్ బృందం 2003లో ప్రయోగం చేసి చూపించింది. బొమ్మ ముఖం మీదకి వస్తే జనం వెనక్కి జరిగారు. మెటా సంస్థ 2022 ఫిబ్రవరిలో తన హొరైజన్ అనే యాప్ లోకాల్లో దాదాపు నాలుగడుగుల కంచెని ముందే వేసి ఇవ్వడం మొదలుపెట్టింది కూడా, పరాయివాళ్ళు మీదమీదకి వచ్చి వేధిస్తున్నారన్న ఫిర్యాదుల తర్వాతే. తల్లీబిడ్డలకి నాలుగడుగులు ఎక్కువ. మూడడుగుల్లో, ఎదురెదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా కూర్చుంటే మాట బాగా సాగుతుంది. ఎదురెదురుగా కూర్చుంటే బొమ్మ ముఖం వైపే చూడాల్సి వస్తుంది. ఆ ముఖంలో చూడటానికి ఏమీ లేదు.

అసలు లోటు ఇక్కడే ఉంది. క్వెస్ట్ 3లో గానీ 3ఎస్‌లో గానీ కళ్ళనీ ముఖాన్నీ చదివే కెమెరాలు లేవు. పెదవులు గొంతును బట్టి కదులుతాయి, కళ్ళు అంచనా మీద ఆర్పుతాయి. వీడియో కాల్ ఎత్తగానే మన అమ్మల మొదటి మాట ఏంటి? "ఏరా నాన్నా, చిక్కిపోయావేంటి?" ఈ బొమ్మ ఎన్నేళ్ళయినా చిక్కదు, కళ్ళ కింద నలుపు రాదు, జ్వరం వచ్చినా గడ్డం పెరగదు. అవతల అబ్బాయికి ఉద్యోగం పోయి రెండు రాత్రులు నిద్రలేకపోయినా బొమ్మ అదే చిరునవ్వుతో కూర్చుంటుంది. తల్లి గొంతు బొంగురుపోయినప్పుడు ఇది ఇంకా ఇబ్బంది. ఆవిడ బొమ్మ నవ్వుతూనే ఉంటుంది, లోపల కన్నీళ్ళకి అద్దాలు ఆవిరి పట్టి ఆవిడకేమీ కనబడదు, పైట చెంగుతో తుడుచుకుందామంటే చెయ్యి వెళ్ళి ప్లాస్టిక్ పెట్టెకి తగులుతుంది. అవతలివాడికి వినిపించేది ముక్కు ఎగబీల్చడం ఒక్కటే.

అందుకని వరస ఇలా పెట్టుకోండి: ముందు రెండు నిమిషాలు వీడియో కాల్, ముఖాలు చూసుకోవడం, ఒళ్ళు ఎలా ఉందో అడగడం. తర్వాత ఇరవై నిమిషాలు హెడ్‌సెట్లో. చివర్లో మళ్ళీ ఒక నిమిషం వీడియో. ఆఖరి వీడియో మానేస్తే, హెడ్‌సెట్ తీయగానే ఇల్లు ఒక్కసారి బోసిపోతుంది. ఫోను పెట్టేసినప్పటి వెలితి కంటే ఇది పెద్దది, ఎందుకంటే అప్పటిదాకా మనిషి పక్కన ఉన్నట్టు ఒళ్ళు నమ్మింది. ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ళ దగ్గర ఆ మాటకొస్తే ఇంకొకరు గదిలో ఉండటం మంచిది, ఊరికే మంచినీళ్ళు ఇచ్చి పలకరించడానికి.

మరి ఈ యంత్రం గెలిచేది ఎక్కడ? మాట లేని చోట. మన నాన్నల ఫోను సంభాషణ అందరికీ తెలిసిందే. "అంతా బానే ఉందా? సరే, అమ్మకిస్తున్నా." ఫోనులో మౌనం డబ్బు దండగలా అనిపిస్తుంది, వీడియోలో మౌనం ఇబ్బంది. ఇక్కడ ఇద్దరూ ఒకే వైపుకి చూస్తూ, ఎదురుగా నీళ్ళు పారుతుంటే, గట్టు మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఏం మాట్లాడకపోయినా తప్పనిపించదు. కాసేపాగి చెరువు సంగతో, రొయ్య కౌంటు సంగతో, వంతు నీరు ఎప్పుడొదులుతారన్న సంగతో ఆయనే ఎత్తుతారు. ఎదురుగా ముఖం లేకపోవడం అమ్మకి లోటు, నాన్నకి వెసులుబాటు. కొనేముందు మీ ఇంట్లో ఎవరి కోసం కొంటున్నారో ఇందుకే ఆలోచించుకోమనేది. మాటకారి తల్లికీ కూతురికీ అయితే డబ్బు వృథా. ఎదురుపడితే మాట పెగలని తండ్రీకొడుకులకైతే పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుంది. వాళ్ళకి బిగ్‌స్క్రీన్ కూడా బాగుంటుంది, ఆ యాప్‌లో పెద్ద తెర ముందు పక్కపక్క సీట్లలో కూర్చుని క్రికెట్టో పాత సినిమానో చూడవచ్చు.

వేసుకునే బొమ్మ గురించి కాస్త. 2007లో నిక్ యీ, బెయిలెన్సన్ కలిసి చేసిన ప్రయోగాల్లో, పొడుగు బొమ్మ వేసుకున్నవాళ్ళు బేరాల్లో గట్టిగా నిలబడ్డారు, అందమైన బొమ్మ వేసుకున్నవాళ్ళు ఎదుటివాళ్ళకి ఇంకాస్త దగ్గరగా నడిచారు. వేసుకున్న బొమ్మ మన నడతని మారుస్తుందన్నమాట. పిల్లలు తాతగారికి సరదాగా రోబో బొమ్మ తగిలిస్తారు. ఆయన అద్దంలో చూసుకుని నవ్వుతారు, ఆ పూటంతా కోతి చేష్టలు చేస్తారు, అసలు మాట మాత్రం మాట్లాడరు. అచ్చం మనిషిలా ఉండే బొమ్మ కోసం వెంపర్లాడితే ఇంకో చిక్కు: దాదాపు మనిషిలా ఉండి పూర్తిగా కాని ముఖం చూస్తే ఒళ్ళు జలదరిస్తుందని జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లోనే రాశాడు. 3,499 డాలర్ల ఆపిల్ విజన్ ప్రోలో ముఖాన్ని స్కాన్ చేసి కట్టే రూపం ఉంది, అది కళ్ళనీ పెదవులనీ నిజంగానే అనుసరిస్తుంది. ఆ ధరకి ఇద్దరు మనుషులు రానూపోనూ విమానం ఎక్కచ్చు, కాబట్టి దాని సంగతి ఇంతటితో వదిలేద్దాం. 3ఎస్‌లో ఒడ్డూ పొడుగూ మీలాగే ఉండి, ముఖం మాత్రం బొమ్మల పుస్తకంలోలా ఉన్నది ఎంచుకోండి. చీర కట్టిన బొమ్మ దొరికితే అమ్మగార్లు చేతులు చూసుకుని సర్దుకుంటారు, ప్యాంటు బొమ్మలో ముడుచుకుపోతారు.

చేతుల దగ్గర ఒక తమాషా ఉంది. కంట్రోలర్లు పక్కన పెట్టి వట్టి చేతులతో వాడుకునే వీలుంది, పెద్దవాళ్ళకి అదే తేలిక. కానీ మనం మనిషి కనబడగానే చేసేది నమస్కారం. రెండు అరచేతులు కలిపేసరికి ఒకదానికొకటి అడ్డమై కెమెరాలకి ఏ వేలు ఏ చేతిదో తెలియదు. చేతులు వంకర్లు తిరిగిపోతాయి, లేదా మాయమవుతాయి. అవతలివాళ్ళకి వియ్యపురాలు నమస్కారం పెట్టబోయి చేతులు విసిరేసినట్టు కనబడుతుంది. అరచేతుల మధ్య జానెడు ఎడం ఉంచి నమస్కారం పెట్టమని ముందే చెప్పండి. కాళ్ళకి దండం పెట్టడం ఇంకో గొడవ. కుర్చీలోంచి వంగితే తల బల్లకి కొట్టుకుంటుంది, పెద్దావిడ ఆశీర్వదించబోయి చెయ్యి చాపితే తగిలేది గాలి. ఆ క్షణంలో చాలామంది ఇటూ అటూ గమ్మున ఉండిపోతారు. మనవరాలిని ఎత్తుకోబోయి చేతులు ఖాళీగా దగ్గరికి రావడం కూడా అలాంటిదే. 13 ఏళ్ళ లోపు పిల్లలకి వీఆర్‌చాట్ ఎలాగూ కుదరదు, వాళ్ళని వీడియో కాల్‌కే ఉంచండి.

ఇంట్లో మిగతావాళ్ళ సంగతికొద్దాం. హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్ళకి చుట్టూ ఎవరున్నారో తెలియదు, చుట్టూ ఉన్నవాళ్ళకి వాళ్ళేం చూస్తున్నారో తెలియదు. పది మంది తిరిగే మండువాలో ఇది చిన్న విషయం కాదు. కోడలు పెట్టుకోవడానికి వెనకాడుతుందంటే యంత్రమంటే భయమని కాదు. పైట జారిందో లేదో చూసుకోలేదు, గుమ్మంలో మావయ్యగారు ఉన్నారో లేరో తెలియదు, గాల్లో చేతులు ఊపుతుంటే ఎవరు నవ్వుతున్నారో వినబడీ వినబడనట్టు ఉంటుంది. ఆవిడకి ఒక గది, తలుపుకి గడియ, అరగంట సమయం ఇవ్వండి. ఆడవాళ్ళని ఆ అవతారంలో రీలు తీయడం అసలు వద్దు.

ఆమె చూస్తున్నది టీవీలోకి పంపవచ్చు. మొదట్లో అది మంచిదే, నేర్పేవాళ్ళకి ఏ బొత్తం నొక్కమనాలో తెలుస్తుంది, అత్తగారికీ అనుమానం తీరుతుంది. కానీ అవతల అబ్బాయి అమ్మ ఒక్కతే ఉందనుకుని ఇంటి అప్పు సంగతో పెళ్ళి సంబంధం సంగతో ఎత్తుతాడు, ఇక్కడ హాల్లో పక్కింటివాళ్ళతో సహా అందరూ వింటుంటారు. టీవీకి పెట్టారంటే ఆ సంగతి మొదటి మాటలోనే అవతలికి చెప్పాలి. నేర్చుకోవడం అయ్యాక టీవీ ఆపేయండి.

పెట్టుకున్నవాళ్ళని వెనకనుంచి తట్టకండి. గుండె జారిపోతుంది, కొందరు చెయ్యి విసురుతారు. పేరు పెట్టి పిలిచి, జవాబు వచ్చాక తాకండి. 3ఎస్ అడుగున ఒక బొత్తం ఉంది, నొక్కితే గది కనబడుతుంది. అందరికన్నా ముందు పెద్దవాళ్ళకి నేర్పాల్సిన బొత్తం అదే. నిలబడి వాడితే ఆరున్నర అడుగుల చదరం ఖాళీ ఉండాలి. అంత జాగా ఉన్నా పాత పెంకుటిళ్ళలో దూలం కిందకి వేలాడే ఫ్యాను మర్చిపోకండి, చెయ్యి పైకెత్తితే రెక్కకి తగులుతుంది. కూర్చునే వాడమనడానికి అదొక కారణం.

పరాయివాళ్ళతో కలయికల గురించి క్లుప్తంగా. 2016లోనే ఒక విలువిద్య ఆటలో ఒక ఆటగత్తెని ఇంకొకరు బొమ్మ చేతులతో తడిమిన సంఘటన బయటికొచ్చి, ఆ ఆట కట్టినవాళ్ళు మీదకొచ్చినవాళ్ళని ఒక్క సైగతో మాయం చేసే ఏర్పాటు చేశారు. "బొమ్మే కదా" అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. చూపూ వినికిడీ రెండూ నిజమేనంటుంటే ఒళ్ళు దాన్ని బొమ్మగా తీసుకోదు. ఎత్తైన మేడ మీద చెక్క పలక మీద నడిపించే ఆటలో, కింద ఉన్నది ఇంటి గచ్చేనని తెలిసిన కుర్రాళ్ళు కూడా అడుగు వేయలేక ఆగిపోవడం చూస్తూనే ఉన్నాం. ఇంటర్, ఇంజినీరింగ్ పిల్లలు పబ్లిక్ లోకాల్లోకి ఎలాగూ వెళ్తారు. మ్యూట్ ఎక్కడుందో బ్లాక్ ఎక్కడుందో ముందు ఖాళీ గదిలో వాళ్ళ చేత చేయించండి. ఆడపిల్ల "ఇవాళ ఒకడు మీదమీదకి వచ్చాడు" అని చెప్తే హెడ్‌సెట్ లాక్కోవడం పరిష్కారం కాదు, తర్వాత ఇంకేదీ చెప్పదు.

చనిపోయినవాళ్ళని చూపించమని అడిగే ఇళ్ళూ ఉంటాయి. 2020లో దక్షిణ కొరియా టీవీ సంస్థ ఎంబీసీ, చనిపోయిన ఏడేళ్ళ పాపని బొమ్మగా కట్టి తల్లికి హెడ్‌సెట్లో చూపించింది. ఆవిడ పాపని తాకాలని చేతులు చాపుతూ ఏడ్చిన దృశ్యం లోకమంతా తిరిగింది. ఓదార్పు అన్నవాళ్ళు కొందరు, ఘోరం అన్నవాళ్ళు కొందరు. అది నెలల తరబడి ఒక బృందం చేసిన పని, ఫోటో ఇచ్చి పావుగంటలో కట్టించుకునేది కాదు. నాన్నగారి ముఖం అరకొరగా కుదిరిన బొమ్మని మాసికాల నాటికి అమ్మ కళ్ళకి కట్టడం మా లెక్కలో తప్పు. ఆవిడ అడిగినా నాలుగు రోజులు ఆగండి. ఆయన గొంతు రికార్డు ఉంటే అది వినిపించండి, చాలు.

దానికంటే ఎంతో మేలైన పని 360 డిగ్రీల కెమెరాతో ఇక్కడి చోట్లని తీసి అక్కడికి పంపడం. ఈ యంత్రానికి ఇంతకన్నా మంచి వాడకం మాకు కనబడలేదు. ఇన్‌స్టా360 ఎక్స్4 లాంటిది 8కేలో తీస్తుంది. సెకనుకు 200 మెగాబిట్ల లెక్కన నిమిషానికి ఒకటిన్నర జీబీ అవుతుంది, అందుకని పది నిమిషాలు కాకుండా మూడేసి నిమిషాల ముక్కలు నాలుగు తీయండి. కెమెరా ఎత్తే ప్రాణం. అవతల చూసేవాళ్ళు కుర్చీలో కూర్చుని చూస్తారు కాబట్టి నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో పెట్టాలి. సెల్ఫీ కర్ర పూర్తిగా చాపి పైకెత్తితే దయ్యంలా ఇంటి మీద తేలుతున్నట్టు ఉంటుంది. నడుస్తూ తీయకండి, కడుపులో తిప్పుతుంది. స్టాండు మీద నిలిపి వదిలేయండి. రెండు కటకాల అతుకు మనుషుల ముఖాల మీద పడకుండా కెమెరా ముందువైపు ముఖ్యమైనవాళ్ళ వైపు తిప్పండి, ఎవరూ నాలుగడుగుల కంటే దగ్గరికి రాకూడదు. కొబ్బరితోటలో గాలి మైకుని మింగేస్తుంది, దూది తొడుగు వేయాలి.

ఏం తీయాలో కూడా చెప్తాం. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభలు చేలకడ్డంపడి, కాలువ దిగి వస్తుంటే అందరూ తీస్తారు, తీయండి. అక్కడ కెమెరాని జనం మధ్యలో కాక గట్టు మీద నిలపండి, లేకపోతే తోపులాట భుజాలే కనబడతాయి. కానీ దూరాన ఉన్నవాళ్ళ గొంతు పట్టేసేది పండగలు కాదు. వంటింటి గుమ్మం దగ్గర స్టాండు పెట్టి, పొద్దున్న ఏడింటికి అమ్మ కాఫీ కలుపుతున్నప్పటి మూడు నిమిషాలు తీయండి. కెమెరా వైపు చూసి "వచ్చావా, కూర్చో" అని ఒక్క మాట అనమనండి, తర్వాత పట్టించుకోకుండా తన పని తనని చేసుకోనివ్వండి. అవతల చూసినవాళ్ళు ఆ మాటకి పైకి జవాబు చెప్పేస్తారు, రికార్డింగ్ అని తెలిసి కూడా. అందరూ వరసగా నిలబడి కెమెరాకి చేతులు ఊపిన వీడియోని మాత్రం రెండోసారి ఎవరూ చూడరు.

కలిసే వేళ: ఇక్కడ ఉదయం ఏడంటే డల్లాస్‌లో ఎండాకాలం ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నర, చలికాలం ఏడున్నర. ఇటు కరెంటు పోతే రూటర్ కూడా పోతుంది, దాన్ని ఇన్వర్టర్ లైనులో కలపండి. హెడ్‌సెట్ 5 గిగాహెర్ట్జ్ వైఫైకే తగిలించాలి, అది మందపాటి మట్టిగోడలు దాటదు, రూటరు ఉన్న గదిలోనే కూర్చోండి. మాట అటు వెళ్ళి ఇటు రావడానికి పావు సెకను ఆలస్యం ఎలాగూ ఉంటుంది, ఒకరి మాట మీద ఒకరు పడకుండా మాట అయ్యాక ఒక్క క్షణం ఆగడం అలవాటు చేసుకోవాలి. ట్యూబులైటు కింద గది దృశ్యం వణుకుతుంటే సెట్టింగుల్లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్జ్‌కి మార్చండి, అమెరికాలో కరెంటు 60. హెడ్‌సెట్ కెమెరాలు తికమక పడకుండా నిలువుటద్దం మీద దుప్పటి కప్పండి. బ్యాటరీ రెండున్నర గంటలు, కంట్రోలర్లకి ఒక్కో ఏఏ సెల్లు.

వానాకాలం తేమకి అద్దాల మీద బూజు పడుతుంది. స్టీలు డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో పెట్టండి, తుడవడానికి కళ్ళజోడు గుడ్డే వాడండి, స్పిరిట్ వద్దు. ఎండలో అరుగు మీద వదిలేస్తే ఆ అద్దాలే భూతద్దాలై నిమిషాల్లో తెరని కాల్చేస్తాయి. ఎవరి దగ్గరైనా పాతది కొంటుంటే అందుకే ముందు తెల్లటి పేజీ ఒకటి తెరిచి ఒక్కో కన్ను మూసి చూడండి. నల్ల చుక్కో పసుపు మచ్చో కదలకుండా ఒకేచోట ఉందంటే అది ఎండ దెబ్బ, బాగుచేయడం కుదరదు. పాత యజమాని ఖాతా మీ ఎదురుగానే తీయించి, మీ ఖాతాతో తెరుచుకున్నాకే డబ్బివ్వండి.